ఆకుపచ్చ పెచ్చులు

పదిమంది చూస్తుండగా, ఇల్లు పరీక్షించడానికి వచ్చిన ఇంజనీరు ముందు నన్నే సాహెబ్, కళ్లకు పెట్టే సుర్మా ఉన్న ఆ చిన్న ఇత్తడి సుర్మాదానిని రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకున్నాడు.

"పిల్ల నెత్తుట్లోకి సీసం యాడినుంచి వచ్చిందో చూడండి సార్. గోడలు కాదు, కిటికీలు కాదు. కన్నతల్లే చేతులారా పెట్టింది," అన్నాడు.

దుబాయ్ నైఫ్ పేటలోని ఆ పాత విల్లా వాకిట్లో ఆడవాళ్లంతా గౌసియా వైపు తిరిగారు. ఆమె చంకలో ఫైజా నల్లటి సుర్మా కళ్లతో అందరినీ చూస్తూ, తల్లి దుపట్టా కొస నములుతూ ఉంది.

సుర్మాదాని గౌసియాదే. ముందురోజు సాయంత్రం ఆమే దాన్ని తుడిచి మరీ అతని చేతిలో పెట్టింది. నన్నే సాహెబ్ ఆ విల్లాలో అద్దెలు వసూలు చేసే మనిషి. ఇంటి యజమాని అర్బాబ్ ఎప్పుడో ఒకసారి తప్ప అటు రాడు కాబట్టి, అద్దెకున్నవాళ్లకు అర్బాబూ సర్కారూ రెండూ నన్నే సాహెబే. అతనిదీ గౌసియాదీ రాయచోటి పక్క. అందరూ అతన్ని మామూ అనేవాళ్లు. ఆమె మాత్రం ఆ మాటను నిజంగానే అనేది.

"మా మనవరాలికి కండ్లు నీళ్లు కారతాండాయి బేటీ," అన్నాడు ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి. "నువ్వు ఫైజాకు పెట్టే సుర్మా మంచిదంట గదా."

"మా జేజి హజ్‌కు పోయినప్పుడు తెచ్చింది మామూ. జుమ్మా జుమ్మాకు పెడతా. పుట్టినప్పటినుంచి పెడతానే ఉండా."

"ఒక్క రోజుకు ఇయ్యి. రేపు తెచ్చిస్తా."

తెచ్చాడు. కాకపోతే ఆమెకు కాదు, ఇంజనీరుకు ఇచ్చాడు. పరాయి దేశంలో మనల్ని ముంచడానికి పరాయివాడు చాలా తంటాలు పడాలి. భాష నేర్చుకోవాలి, నమ్మకం సంపాదించాలి. సొంత పక్కవాడికి ఆ శ్రమ లేదు. తలుపు తీసే ఉంటుంది.

గౌసియా దుబాయ్ వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది. భర్త ఖాదర్ హుస్సేన్ స్కూలు బస్సు నడిపేవాడు. ఆమె చుట్టుపక్కల ఆడవాళ్లకు బట్టలు కుట్టేది. ఒకప్పుడు ఒక్క కుటుంబం బతికిన ఆ విల్లాను ప్లైవుడ్ చెక్కలతో ముక్కలు చేసి అద్దెకిచ్చారు. వీళ్ల ముక్కలో సగం కిటికీ ఉంది. మిగతా సగం చెక్కకు అవతల, అంజిబాబు వాళ్ల గదిలోకి పోయింది. కిటికీ చట్రం కోసి మధ్యలో ఒక ఏసీని ఇరికించారు. దాని గాలి రెండు గదులకూ సగం సగం. కిటికీ ఉన్న గది దొరికినందుకు తక్కినవాళ్లు ఈ రెండు కుటుంబాలనూ చూసి కుళ్లుకునేవాళ్లు.

ఆ చట్రానికి ఎవరెవరో, ఎన్నేళ్లుగానో, ఒకదాని మీద ఒకటిగా రంగులు వేస్తూ పోయారు. అన్నిటికన్నా పైది ముదురాకుపచ్చ. ఏసీ వణికినప్పుడల్లా ఆ రంగు పెచ్చులుగా ఊడి కింద పరుపు మీద పడేది. గౌసియా పొద్దున్నే దులిపేది, మధ్యాహ్నానికి మళ్లీ రాలేది. ఫైజా వాటిని ఏరుకుని నోట్లో వేసుకుంటుందని ఆమె చూసింది, చేతి మీద కొట్టింది కూడా. మట్టి తినే పిల్లలు ఊళ్లో లేరా, ఇదీ అంతే అనుకుంది. ఒకరోజు తనే ఒక పెచ్చు నాలుక మీద పెట్టుకుని చూసింది. కొంచెం తియ్యగా ఉంది. విషం తియ్యగా ఉండగలదని ఆమెకు ఎవరు చెప్పారు గనక.

మూడేళ్ల పిల్లకు కడుపునొప్పులు మొదలయ్యాయి. తిండి మానేసింది. వచ్చిన మాటలు కూడా ఒక్కొక్కటే పోగొట్టుకోవడం మొదలుపెట్టింది. "అబ్బా వచ్చె" అనే పిల్ల "అబ్బా" దగ్గర ఆగిపోయింది, తర్వాత అదీ లేదు. క్లినిక్‌లో నెత్తురు తీసి చూసి, సీసం ఉందన్నారు. ఇల్లు ఎలాంటిదని అడిగారు.

ఆ సంవత్సరం పాత ఇళ్లలో విషపు రంగులు గీకించడానికి సర్కారు డబ్బు ఇస్తోంది. తక్కువ అద్దెల ఇల్లయి ఉండాలి, చిన్నపిల్లలుండాలి, పిల్లల నెత్తుట్లో సీసం తేలాలి. క్లినిక్ వాళ్లే ఆ ఆఫీసుకు కబురు పెట్టారు. వినడానికి ఎంత బాగుంది. కానీ ఆ డబ్బుకు ఒక షరతుంది. డబ్బు తీసుకున్న ఇంటివాడు కొన్నేళ్లపాటు అద్దె పెంచకూడదు, చిన్నపిల్లలున్న పేద కుటుంబాలనే ఉంచాలి. ఊరంతా అద్దెలు ఆకాశానికి ఎగబాకుతున్న రోజులవి. కుటుంబాలను పంపించేసి, గదికి పదిమంది చొప్పున ఒంటరి మగవాళ్లను కుక్కాలని అర్బాబ్ ఆలోచన. ఆ ఆలోచనను నడిపించే పని నన్నే సాహెబ్‌ది. రంగులో విషముందని తేలకుండా ఉంటే చాలు.

పరీక్ష చేయడానికి వచ్చిన ఇంజనీరు వేణుగోపాలరావు విజయవాడ మనిషి. మర్యాదస్తుడు. అంత మర్యాదలో ఉపయోగమనేది రవ్వంత కూడా లేదు.

"ఇది మీరు పాపకి పెడుతున్నారా అమ్మా?" అన్నాడు ఆ రోజు వాకిట్లో సుర్మాదానిని అందుకుని.

"పెడతా సార్. మా ఇండ్లల్లో అందరూ పెడతారు. కానీ ఆ కిటికీ ఒకసారి చూడండి. మీ మిషను తెచ్చి దానికి పెట్టి చూడండి."

"చూద్దామమ్మా. ముందు దీన్ని ల్యాబుకి పంపాలి. ఇందులో ఉందని తేలితే మీ బిల్డింగ్ లిస్టులో కిందికి పోతుంది. ఫండ్ తక్కువ, ఇళ్లు ఎక్కువ. మేం మాత్రం ఏం చేస్తాం చెప్పండి."

రంగులో సీసాన్ని పసిగట్టే యంత్రం కారు డిక్కీలోనే ఉండిపోయింది. ఆయన నన్నే సాహెబ్ ఇచ్చిన సులేమానీ చాయ్ తాగి వెళ్లిపోయాడు.

సుర్మాలో సీసం ఉంది. అదొక్కటే ఈ కథలో నన్నే సాహెబ్ చెప్పిన నిజం, దాన్ని కూడా కత్తిలా వాడుకున్నాడు. ల్యాబునుంచి ఆ కబురు విన్న పూట గౌసియా కుట్టుమిషను ముందు కూర్చుని కదల్లేదు. ఖాదర్ హుస్సేన్ పక్కన కూర్చున్నాడు.

"తెలిసి పెట్టినావా?"

"లేదు."

"అయితే లే. బిడ్డకు అన్నం కలుపు."

సుర్మా మానేసింది. కొన్ని వారాల తర్వాత ఫైజా నెత్తుట్లో సీసం కాస్త తగ్గింది, తర్వాత తగ్గడం ఆగిపోయింది. "రెండు చోట్లనుంచి వెళ్లింది. ఒకటి మీరు ఆపారు. రెండోది మీ ఇంట్లోనే ఉంది," అంది డాక్టరు. గౌసియా ఆ మాట పట్టుకుని వేణుగోపాలరావు ఆఫీసుకు వెళ్లింది. ఆయన కుర్చీ వేయించాడు, నీళ్లు ఇప్పించాడు, చేతులు విప్పి చూపించాడు. "అదే ఇంట్లో సుర్మా పెట్టని పిల్లవాడికి కూడా సీసం ఉందని తేలితే, అప్పుడు మళ్లీ తెరుస్తామమ్మా."

సుర్మా పెట్టని పిల్లవాడు చెక్కకు అవతలే ఉన్నాడు. అంజిబాబు, ఉమామహేశ్వరిల కొడుకు శశాంక్. అదే కిటికీ, అదే ఏసీ. గౌసియా అందరూ వంతులవారీగా వాడుకునే వంటగదిలో ఉమామహేశ్వరిని అడిగింది.

"మావాడికి ఏ రోగమూ లేదక్కా."

"లేకుంటే మంచిదే. ఒకసారి నెత్తురు చూపిద్దాం. నేను కూడా వస్తా."

"చూపిస్తే ఏమవుద్ది? మున్సిపాలిటీ వాళ్లొస్తారు, ఈ చెక్కలన్నీ చూస్తారు, ఇట్లా గదులు కట్టడం నేరమంటారు. ఖలాస్, అందరం రోడ్డు మీద. మామూ ముందే చెప్పాడు. మమ్మల్ని ఇందులోకి లాగొద్దు."

పొయ్యి దగ్గరున్న ఇంకో గది హుస్సేనమ్మ వెనక్కి తిరగకుండానే అంది. "తన కొంపకు తాను పెట్టుకున్న మంట, పక్కోళ్లకు కూడా అంటించాలని చూస్తాంది."

ఆ రోజునుంచి వంటగదిలో గౌసియా వంతు ఎప్పుడూ ఆఖరికి వచ్చేది. బట్టలు కుట్టించుకునేవాళ్లు గుడ్డ వెనక్కి తీసుకుపోయారు. పిల్లల్ని ఫైజాతో ఆడనిచ్చేవాళ్లు కాదు, సీసం అంటురోగమన్నట్టు. ఆమెను చాటుగా పిలిచే పేరు ఒకటి పుట్టింది, సుర్మా బేగం. దాన్ని పుట్టించినవాడెవడో అడగక్కర్లేదు. అతను ఒకరోజు దారిలో ఆపి, "బిడ్డ బాగుండాలంటే గాలి మార్చు బేటీ," అన్నాడు, ఎంతో ప్రేమగా. భయపడ్డవాళ్లను క్షమించవచ్చునేమో. భయాన్ని గదిగదికీ తిరిగి పంచిపెట్టి, సాయంత్రం నమాజుకు ముందు వరుసలో నిలబడేవాణ్ని ఎలా క్షమించాలి?

ఖాదర్ హుస్సేన్ దుబాయ్‌కు దూరంగా అల్ ఐన్ ఊళ్లో ఒక స్కూలు బస్సు పని వెతుక్కున్నాడు. సామాను వ్యానుకెక్కించాక గౌసియా చెక్కకు అవతలి గుమ్మం దగ్గరికి వెళ్లింది. ఉమామహేశ్వరి తల వంచుకుని ఉంది.

"పోతాండా ఉమా. పిల్లోణ్ని ఆ కిటికీ కింద పడుకోబెట్టొద్దు. మంచం ఇటు జరుపుకో."

అంతకుమించి ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఉమామహేశ్వరికి నిద్ర లేకుండా చేసింది. మంచం జరిపింది. అయినా కొన్నాళ్లకు శశాంక్ పళ్ల సందున ఆకుపచ్చ తునక కనబడింది. భర్తకు కూడా చెప్పకుండా వాణ్ని ఎత్తుకుని క్లినిక్‌కు పరిగెత్తింది. వాడి నెత్తుట్లో ఫైజాకన్నా ఎక్కువ తేలింది.

అప్పుడు యంత్రం కారులోంచి బయటికి వచ్చింది. ఏ కిటికీకి పెట్టినా, ఏ తలుపుకు పెట్టినా సీసమే. సర్కారు డబ్బు వచ్చింది. ముఖాలకు ముసుగులేసుకున్న కూలీలు ప్లాస్టిక్ పట్టాలు పరిచి, రంగంతా గీకి, కొత్త చట్రాలు బిగించారు. అర్బాబ్ షరతు ఒప్పుకోక తప్పలేదు. ఆఫీసువాళ్లు చూడటానికి వచ్చినప్పుడు నన్నే సాహెబ్ ఎదురెళ్లి, ఈ సంగతి మొదట పసిగట్టింది నేనే సార్ అన్నాడు. వేణుగోపాలరావు అతనితో చెయ్యి కలిపాడు.

ఆ మరుసటి ఏడు, రెండు వేల ఎనిమిదిలో, గౌసియా, ఖాదర్ హుస్సేన్ ఫైజాను దుబాయ్ తేవడం మొదలుపెట్టారు. మాటలు నేర్పే టీచరు దుబాయ్‌లోనే దొరికింది. వారం వారం అల్ ఐన్ నుంచి రావడం, పోవడం. పిల్లకు దారంతా వాంతులు. టీచరేమో, రోజూ తీసుకొస్తే మాట త్వరగా తిరిగి వస్తుంది అంటోంది. దుబాయ్‌లో వాళ్లకు అందే అద్దెకు గది ఎక్కడా లేదు.

అలా వచ్చిన ఒక పూట ఉమామహేశ్వరిని చూడటానికి నైఫ్ వెళ్లారు. ఆమె గౌసియా చేతులు పట్టుకుని, "నన్ను తిట్టక్కా," అంది. "తిట్టను. పిల్లోడు అన్నం తింటాండాడా?" అంది గౌసియా.

బయటికి వస్తుంటే వాకిట్లో నన్నే సాహెబ్ ఎదురుపడ్డాడు. ఫైజా తల నిమరబోయాడు. పిల్ల తప్పుకుని తల్లి వెనక దాక్కుంది.

"ఏం బేటీ, మమ్మల్ని మరిచిపోయినావా? మీ గది చూసినావా, అద్దంలా ఉండాది. ఖాళీగానే పెట్టినా, చిన్నపిల్లలుండే కుటుంబాన్నే తేవాలంట. పాత అద్దెకే రండి. అయిందేదో అయిపోయింది. మన పక్క బిడ్డవి, నీకియ్యకుంటే ఎవరికిస్తా."

రోజూ టీచరు, దారిలో వాంతుల్లేని పిల్ల, అన్నీ ఖాదర్ హుస్సేన్ ముఖంలో కనబడుతున్నాయి. భార్య వైపు చూశాడు. గౌసియా తెరిచి ఉన్న గది తలుపు వైపు, కొత్త తెల్లటి చట్రం వైపు చూసింది. తర్వాత ఫైజాను ఎత్తుకుంది.

"గది బాగైంది మామూ. గీకినారు, కడిగినారు, మంచి రంగు వేసినారు. నువ్వు మాత్రం ఈ వాకిట్లోనే ఉండావు. నా బిడ్డను నేను ఈడికి తీసకరాను."