విరగని పిన్ను

బ్లేడు తిప్పే ముందు మా పెద్దమ్మ ప్రతిసారీ ట్రాక్టర్ దిగుతుంది. ఏదో పారేసుకున్న మనిషిలా నేల చూసుకుంటూ యంత్రం చుట్టూ ఒకసారి నడుస్తుంది. తర్వాత తలెత్తి చుట్టూ చూస్తుంది. వెనకవైపు ఎవరు కనబడినా అక్కణ్ణించి అదిలించాల్సిందే. మేకయినా సరే, గొడుగేసుకుని నిలబడ్డ తోట యజమాని అయినా సరే. అందరూ జరిగాకే మళ్లీ ఎక్కి కూర్చుంటుంది.

"మీరు గడ్డి కోయడానికొచ్చారా, మమ్మల్ని కాయడానికొచ్చారా?" అని ఒకాయన విసుక్కుంటే, "రెండూ చేస్తాను గానీ ముందు మీరు జరగండి" అందట.

పళ్ల తోటల్లో చెట్ల వరసల మధ్య నడుము దాకా పెరిగిన గడ్డినీ తుప్పల్నీ కోయడం ఆవిడ పని. ట్రాక్టర్ వెనక బోర్లించిన పళ్లెంలా ఒక ఇనుప కప్పు ఉంటుంది. దాని కింద రెండు బరువైన బ్లేడ్లు ఫ్యాను రెక్కల్లా తిరుగుతాయి. ఇంజను బలం ఒక షాఫ్టు గుండా వాటికి చేరుతుంది. ఆ షాఫ్టుకు అడ్డంగా చిటికెన వేలంత ఇనుప పిన్ను ఒకటి దిగేసి ఉంటుంది. బ్లేడు ఏ మొద్దుకో రాయికో గట్టిగా తగిలితే అన్నిటికన్నా ముందు ఆ పిన్ను తెగుతుంది. షాఫ్టు ఊరికే తిరుగుతుంది, బ్లేడ్లు ఆగిపోతాయి, యంత్రం బతికిపోతుంది. తెగడం కోసమే పెట్టిన పిన్ను అది. తెగిన ముక్కలు తీసేసి కొత్తది వేసుకుని మళ్లీ పనిలో పడొచ్చు.

ఆ పిన్నులు చేసేది మా పెదనాన్న. ఆయన లేతు మేస్త్రీ. తుంటి విరిగిన తర్వాత ట్రాక్టర్ ఎక్కలేక స్టీరింగు పెద్దమ్మకు అప్పగించి, ఇంటి పక్క రేకుల షెడ్డులో తన పాత లేతు ముందు ఎత్తు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బయటి పని దాదాపు రావడం లేదు. ఇంటికి తను చేసే పని అంటూ మిగిలింది ఆ పిన్నులే. మెత్తటి ఇనుప కడ్డీని తరిగి, నునుపు చేసి, వెండి రంగు పూసి, పొద్దున్నే ఆవిడ చేతిలో పెట్టేవాడు. ఆవిడ వాటిని గుడ్డసంచీలో వేసుకుని నడుముకు కట్టుకునేది.

ఆయనకు గిట్టనిది ఒకటే, వదులు. వాళ్లింట్లో కుళాయి తిప్పాలంటే ఇద్దరు కావాలి. పంచదార డబ్బా మూత ఆయన పెడితే మళ్లీ ఆయనే తీయాలి. తలుపు కిర్రుమంటే, కుర్చీ కాలు ఊగితే, అన్నం మధ్యలో లేచి మరీ బిగిస్తాడు. వానలకు ముందు ఒక బ్లేడు తన బోల్టు మీద గడగడలాడుతోందని పెద్దమ్మ అంటే, ఆ పూటే బోల్టుకీ బ్లేడుకీ మధ్య దూరే చిన్న ఇనుప గొట్టం, కొత్త బుష్, తరిగి సుత్తితో కొట్టి దిగేశాడు. "ఇక చూడు, కిక్కురుమంటే ఒట్టు" అన్నాడు.

వానలు వెనకబట్టాక పిన్నులు వరసపెట్టి తెగడం మొదలైంది.

అంతకు ముందు ఎప్పుడో ఒకటి తెగేది. ఇప్పుడు ఒక వరస పూర్తికాకుండానే టక్కుమనేది. రాయి ఉండేది కాదు, మొద్దు ఉండేది కాదు. బొటనవేలంత వేరు తగిలినా తెగేది. ఆవిడ ఎండలో దిగి, యంత్రం కింద చెక్కదిమ్మలు పెట్టి, ముక్కలు సుత్తితో బయటికి కొట్టి, కొత్తది వేసి, చేతులు తుడుచుకుని ఎక్కేది. కాసేపటికి మళ్లీ టక్కు.

అప్పుడు ఆవిడ కోస్తున్న పెద్ద తోట యజమానిని అందరూ పొడుగాయన అనేవారు. ఆయన గొడుగుతో సహా వచ్చి నిలబడేవాడు.

"మళ్లీనా అమ్మా?"

"మళ్లీనే."

"మీ ఆయన చేసేవి పిన్నులా, బిస్కెట్లా? టీలో ముంచుకోడానికైతే బాగుంటాయి."

పెద్దమ్మ పకపకా నవ్వింది. ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. పెదనాన్న నవ్వలేదు. అన్నం కలిపిన చెయ్యి అలాగే కంచంలో ఉండిపోయింది.

మర్నాడు ఇద్దరూ కలిసి యంత్రమంతా వెతికారు. పిన్ను దిగే రంధ్రం సాగిపోయిందేమోనని చూశారు, గుండ్రంగానే ఉంది. గేర్‌బాక్సులో నూనె చూశారు, సరిపడా ఉంది. ఇంజను ఆపి బ్లేడ్లను చేత్తో తిప్పారు, ఎక్కడా పట్టేయకుండా తిరిగాయి. బ్లేడు తిప్పడం మొదలుపెట్టేటప్పుడు ఇంజను వేగం ఎక్కువగా ఉంచుతున్నావా అని ఆయన అడిగాడు. "కొత్తగా నేర్చుకుంటున్నానా?" అంది ఆవిడ. అన్నీ చూశారు. కొత్త బుష్ ఒక్కటే చూడలేదు. మొన్న మొన్ననే ఆయన స్వయంగా చేసిన పని, దాన్ని అనుమానించాలని ఇద్దరికీ తోచనే లేదు.

ఆ వారం చివర పొడుగాయన గొంతు మారింది. "ఏమనుకోకండి. రేపు కూడా ఇదే వరస అయితే వేరే బండిని పిలుస్తాను. గడ్డి నాకోసం ఆగదు కదా." ఆ తోట పోతే వాళ్లకు మిగిలేవి చిన్నాచితకా పెరళ్లే. పెద్దమ్మ ఇంట్లో అదీ చెప్పింది, ఈసారి నవ్వకుండా.

పొద్దున పెదనాన్న ఎప్పటిలా పిడికెడు పిన్నులు ఇవ్వలేదు. ఒకే ఒక పిన్ను ఇచ్చాడు. "ఇవాళ ఇది వెయ్యి. నేనూ వస్తున్నాను."

ఆవిడ ఆశ్చర్యపోయింది. తుంటి విరిగాక ఆయన తోట ముఖం చూడలేదు. ఆటో మాట్లాడుకుని, చేతికర్రతో పాటు ఇంట్లోని ప్లాస్టిక్ కుర్చీ కూడా వేసుకుని వచ్చాడు. వరస చివర ఒక చెట్టు ముందు నీడ చూసి దర్జాగా కూర్చున్నాడు. పక్కన పొడుగాయన.

పెద్దమ్మ పిన్ను వేసి, చుట్టూ నడిచి, వాళ్ల దగ్గరికొచ్చి ఆగింది.

"లేవండి."

"ఇక్కడ నీడ బాగుంది."

"మోటారు గది వెనక కూడా బాగుంది. లేవండి మేస్త్రీ గారూ."

"కట్టుకున్నవాణ్ని కూడా తోలేస్తావా డ్రైవరమ్మా?"

"ముందు మిమ్మల్నే. పనిచేసేది చూడాలంటే గోడ చాటునుంచి తొంగి చూడండి."

పొడుగాయన కిసుక్కుమన్నాడు. పెదనాన్న గొణుక్కుంటూ లేచాడు. ఒక చేతిలో కర్ర ఉండటంతో కుర్చీ మోసుకెళ్లలేక అక్కడే వదిలేశాడు. ఇద్దరూ మోటారు గది గోడ వెనక్కి వెళ్లాకే ఆవిడ ట్రాక్టర్ ఎక్కింది.

మొదటి వరస సాఫీగా సాగింది. రెండోదీ అంతే. గోడ పక్కనుంచి పెదనాన్న తల బయటపెట్టి పొడుగాయన వైపు చూశాడు. "ఏవండీ, బిస్కెట్టు ఎలా ఉంది?"

ఆ మాట పూర్తికాకుండానే ఆ చప్పుడు వచ్చింది.

పెద్దమ్మ ఆ చప్పుణ్ణి ఎప్పుడూ వర్ణించలేకపోయింది. టక్కు కాదు. కింద నేల విరిగినట్టుంది అంటుంది. ట్రాక్టర్ వెనకభాగం లేచి పడింది. స్టీరింగు ఆమె మోచేతిని బలంగా కొట్టింది. క్లచ్ తొక్కి ఇంజను ఆపింది. ఆపాక కూడా చెవుల్లో ఇంజను మోగుతూనే ఉంది. గేర్‌బాక్సు పగిలి గడ్డి మీదికి నూనె కారుతోంది. మట్టిలో ఎప్పుడో పూడిపోయిన పాత నీళ్ల పైపు ఒకటి వంగిపోయి పైకి లేచి కనబడుతోంది. బ్లేడు దాన్ని కొట్టింది.

వెనక్కి తిరిగి చూసింది. కుర్చీ రెండు ముక్కలై పడుంది. వీపు ఆనించే భాగం ఎక్కడో గడ్డిలో ఉంది. కుర్చీ వెనకాలి చెట్టు మానులో మూరెడు బ్లేడు ముక్క దిగబడి ఉంది, కూర్చున్న మనిషి గుండెల ఎత్తున.

పొడుగాయన గొడుగు కింద పడేశాడు. "కుర్చీ..." అన్నాడు. "కుర్చీ... కుర్చీ అమ్మా..." ఆ మాట తప్ప ఆయన నోట మరోటి రావడం లేదు.

పెదనాన్న కర్ర మరిచిపోయి కుంటుకుంటూ వచ్చాడు. వచ్చి ఎవరివైపూ చూడకుండా గడ్డిలో కూలబడి, కుర్చీ ముక్కలు రెండూ తీసుకుని ఒకదానికొకటి ఆనించి చూడసాగాడు. అంచులు కలవడం లేదు. మళ్లీ తిప్పి పెట్టాడు. కలవలేదు. ఆయన ఆపలేదు.

"ఏమండీ, వదిలేయండి దాన్ని" అంది పెద్దమ్మ.

ఆవిడ ట్రాక్టర్ దగ్గరికి వెళ్లి షాఫ్టు వైపు వంగింది. ఇంత జరిగితే పిన్ను నుజ్జయిపోయి ఉండాలి. అది ఉన్నచోటే ఉంది. చెక్కుచెదరలేదు. బయటికి కొట్టి చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. రంగు లేచిపోయినచోట ఇనుము నీలంగా మెరుస్తోంది. లేతు పక్కన కాపురం చేసిన మనిషికి ఆ నీలం తెలుసు. ఇనుము గట్టిపడాలని కాల్చి నూనెలో ముంచితే వచ్చే నీలం అది.

"ఇది మన కడ్డీ కాదు" అంది.

ఆయన తలెత్తలేదు. "లారీ యాక్సిల్ ముక్క."

"కాల్చారా?"

"కాల్చాను."

"కాల్చి, మీదంతా వెండి రంగు పూసి, నా చేతికిచ్చారా?"

"నీకు ఊరికే ఎండలో దిగే బాధ తప్పుతుందని..." అని ఆగాడు. "బిస్కెట్లన్నారు కదా నన్ను."

"మిమ్మల్నెవరన్నారు? పిన్నుల్నన్నారు!" అని అరిచింది పెద్దమ్మ. జీవితంలో ఆయన మీద అంత గట్టిగా అరవడం అదే మొదటిసారట. అరిచాక తన గొంతు విని తనే అదిరిపడింది.

అయినా పని తెలిసిన మనిషి కదా. చెక్కదిమ్మలు పెట్టి, యంత్రం కిందికి తలపెట్టింది. మిగిలిన బ్లేడును వేలితో తోస్తే తలుపులా ఊగింది. అలాగే ఊగాలి. రాయి తగిలితే వెనక్కి మడుచుకుని తప్పుకోవడానికే దాన్ని బోల్టుకు వదులుగా వేలాడదీస్తారు. విరిగిన బ్లేడు మొదలు మాత్రం చేత్తో తోస్తే కదల్లేదు. సుత్తితో కొట్టింది. కదల్లేదు. అందుకే ఇన్నాళ్లూ ప్రతి చిన్న వేరు దెబ్బా బ్లేడు దగ్గర ఆగకుండా నేరుగా పిన్ను దాకా వచ్చింది. ఇవాళ పిన్ను కూడా లొంగకపోయేసరికి బ్లేడే విరిగి ఎగిరింది.

ఇంకో దిక్కున ఆయనా వంగి చూస్తున్నాడు.

"నా బుష్" అన్నాడు. "బిగుతుగా ఉంటే మంచిదనుకున్నాను."

ఇంటికొచ్చాక ఆయన షెడ్డుకు గొళ్లెం పెట్టేశాడు. "ఇక నా చేతి పిన్ను వెయ్యకు. షాపులో కొనుక్కో" అన్నాడు. ఆవిడ అలాగే కొనుక్కొచ్చింది. యంత్రం బాగయ్యే వరకు ఇంట్లో మాటలు పొడిపొడిగా నడిచాయి. ఆయన స్టూలు మీద కాకుండా గుమ్మంలో కూర్చునేవాడు. కుళాయి కారుతున్నా లేవలేదు. పెద్దమ్మకు భయం వేసింది అక్కడే. చెట్టులో దిగిన బ్లేడును చూసినప్పటి కన్నా ఎక్కువ భయం వేసిందని చెబుతుంది. ఆ మనిషి వదులైపోతున్నాడనిపించింది.

యంత్రం ఇంటికొచ్చిన రోజు ఆవిడే షెడ్డు గొళ్లెం తీసి, మెత్తటి కడ్డీ ఒకటి ఆయన ఒళ్లో పెట్టింది. "రెండు చెయ్యండి."

"ఎందుకు? భయం లేదా నీకు?"

"ఉంది. అందుకే ఒకటి కొట్టి చూస్తాను."

ఆయన చాలాసేపు కడ్డీని వేళ్ల మధ్య దొర్లిస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి లేతు మీద రెండు పిన్నులు తరిగాడు, రంగు పూయలేదు. ఆవిడ ఒకదాన్ని వైసులో బిగించి సుత్తితో ఒక్కటి వేసింది. పిన్ను వంగింది, మెత్తటిదే. రెండోది సంచీలో వేసుకుని బయల్దేరింది.

పొడుగాయన వేరే బండిని పిలవలేదు. ఇప్పుడు పెద్దమ్మ బ్లేడు తిప్పే ముందు ఆయనే అందరికన్నా ముందు వెళ్లి మోటారు గది వెనక నిలబడతాడు. బ్లేడు ముక్క ఇంకా చెట్టులోనే ఉంది. దాని చుట్టూ బెరడు పెరుగుతోంది.

పిన్ను తెగిన రోజున పెద్దమ్మ తోటలోంచే ఇంటికి ఫోన్ చేస్తుంది. "తెగిందండీ" అంటుంది. "మంచిది" అంటాడాయన.