తువ్వాల కింది బేరం

ఆడవాళ్ళ చేతిలో పడితే హార్మోనియం శ్రుతి తప్పుతుందట! ఈ మాట అన్నది దారిన పోయే దానయ్య కాదు, నా మొగుడే. ఆర్మూర్‌లో మా వీధి గుడి భజనలో ఆయన తాళాలు వాయిస్తాడు. మగవాళ్ళ భజన మండలి హార్మోనియం పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతుంది. శనివారం శనివారం మేం ఆడవాళ్ళం అదే గుడిలో కూర్చుని ఉత్త చప్పట్లతో పాడుకునేవాళ్ళం. పెట్టె మా కళ్ళెదురుగానే ఉండేది, తాళం వేసుకుని. చిన్నప్పుడు మా మేనమామ దగ్గర కూర్చుని హార్మోనియం నేర్చుకున్న నేను దాన్ని చూస్తూ చప్పట్లు కొట్టాలి. కడుపు మండదా మరి?

అందుకే మాకంటూ ఒకటి కొనుక్కుందామన్నాను. బీడీలు చుట్టేవాళ్ళు, పసుపు పనికి కూలికి పోయేవాళ్ళు తలా ఇంత ఇచ్చారు. నేను జాకెట్లు కుట్టిన డబ్బు కలిపాను. కొత్తది కొనడం మా వల్ల కాదు. పాతదాని కోసం నిజామాబాద్ దాకా తిరిగాను. ఒకదానికి తిత్తి చినిగింది, ఇంకోదానికి మెట్లు ఊడాయి. అలాంటివాటికి కూడా బంగారం ధర చెప్పారు, సిగ్గులేని మనుషులు.

చివరికి అది ఎక్కడ దొరికిందనుకున్నారు? మా బజారులోనే. ఇంట్లోకి పసుపు కొమ్ముల కోసం, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణానికి పోతే, మచ్చు పసుపు పళ్ళాల కింద కనబడింది. పాత టేకు పెట్టె. "మా నాయన వాయించెటోడమ్మా. గిప్పుడెవలు వాయిస్తరు?" అన్నాడు సేటు. పళ్ళాలు నేనే దించి తిత్తి ఊపాను. పచ్చటి దుమ్ము లేచి తుమ్ములొచ్చాయి. మెట్టు నొక్కితే ఆ నాదం, అబ్బ! ఒక్క మెట్టు మాత్రం పలకలేదు. జడపిన్నుతో కెలికితే చిన్న పసుపు పొట్టు బయటికొచ్చింది, అంతే, అది కూడా పలికింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అమ్ముతవా సేటూ?"

"అమ్ముత. పోయి మీ ఆయనను తోల్కరా."

"ఆయనెందుకు? కొనేదాన్ని నేను."

"ధర మాట తువ్వాల కిందనేనమ్మా. మా నాయన కాలం నుంచి గంతే. ఆడమనిషి చెయ్యి పట్టుకొని బేరం చేస్తనా?"

పసుపు ధరలు ఫోన్లో చూసుకునే ఈ రోజుల్లో కూడా ఈయనది పాత పద్ధతి. ఎడ్ల అంగడిలో లాగ ఇద్దరూ తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవాలి. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకూడదు. తెలియకూడని ఆ చుట్టుపక్కలవాళ్ళలో, డబ్బు సంచి చంకలో పెట్టుకున్న నేను కూడా ఒకదాన్ని!

అరికాలి మంట నెత్తికెక్కినా, ఆ పెట్టె కోసం ఓర్చుకుని మొగుణ్ణి పిలుచుకొచ్చాను. సంచిలో ఎంతుందో ఆయన అడగలేదు. కాలు మీద కాలేసుకుని కూర్చుని తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తలలూపారు. కాసేపటికి ఆయన చెయ్యి తీసేసి లేచాడు.

"కుదరలే. నడువు."

"ఎంతన్నడు?"

"ఎక్కువన్నడు."

"ఎంత ఎక్కువ?"

"తువ్వాల కింద మాట బయట చెప్పొద్దే. నీకు తెల్వది, నువ్వు ఊకో."

ఊకోవాలట! ఎన్ని శనివారాలు ఊకున్నాను? చెప్పులు విడిచి, మా ఆయన లేచిన చోటే కూర్చున్నాను. సేటు ముందున్న తువ్వాల కిందికి చెయ్యి జొనిపాను.

"చెప్పు సేటూ."

బస్తాలు మోసే హమాలీలు ఆగిపోయి చూస్తున్నారు. సేటు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "గిదేం పద్ధతమ్మా?"

"పద్ధతి మీదే గదా. నోటితోని చెప్పొద్దంటిరి. ఏలు పట్టుకొని చెప్పు, పోత."

మా ఆయన "లేవే, ఇజ్జత్ తీస్తున్నవ్" అని పళ్ళు కొరికాడు. నేను కదల్లేదు. సేటుకు చెమటలు పట్టాయి. నా వేలు ముట్టుకోవడం కన్నా నయమనుకున్నాడేమో, ధర నోటితోనే, అందరూ వినేటట్టు చెప్పేశాడు. తండ్రి కాలం నాటి పద్ధతి అక్కడికక్కడే మంటగలిసింది.

ఆ ధర మా సంచిలో ఉన్నదాని కన్నా తక్కువే. పది మందిలో గట్టి బేరగాడు అనిపించుకోవడం కోసం నా మొగుడు మా అందరి ఆశ అక్కడే వదిలేసి పోదామన్నాడు! డబ్బు లెక్కపెట్టి సేటు ముందు పెట్టాను.

పెట్టెను బండి మీద ఇంటికి తెచ్చింది మాత్రం ఆయనే. దారిలో అడిగిన ప్రతి ఒక్కరికీ "మస్తు బేరం చేసిన" అని చెప్పాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. బండి వెనకాల ఆ పెట్టెను పట్టుకుని కూర్చుని అన్నీ విన్నాను. అక్కడే దిగి దులిపేద్దామనుకున్నాను గానీ, పెట్టె కింద పడుతుందని ఆగాను.

ఇప్పుడు శనివారాలు మావే. వీధి చివరిదాకా వినబడుతుంది మా పాట. శ్రుతి ఏమీ తప్పలేదు.

మొన్న ఏకాదశి ముందర మగవాళ్ళు తమ పెట్టె తాళం తీస్తే, తిత్తికి ఎలుకలు బొక్కలు పెట్టి ఉన్నాయి. మా ఆయన మెల్లగా నా కుట్టుమిషను పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఏమే, ఏకాదశికి మీ పెట్టె జర ఇయ్యరాదు?"

మిషను ఆపాను. ఆయన భుజం మీది తువ్వాల లాగి, నా చేతి మీద కప్పుకుని ముందుకు చాపాను.

"నోటితోని అడుగొద్దు. పద్ధతి తెల్వదా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. చాపిన చెయ్యి దించలేదు కూడా.