బేరన్‌లో చుట్టాలు

సుబ్బరావమ్మ నోరు పెద్దది. కొత్తపట్నం సముద్రానికి నాలుగు మైళ్ల ఇవతలున్న ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. మొగుడు పోయిన పద్దెనిమిదేళ్లుగా మూడెకరాల మిరప తోటను ఆ నోటితోనే కాపాడుకుంది. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి నోటితో పాటు చెయ్యి కూడా ఎత్తింది. అక్కడే కొంప మునిగింది.

ఆమె పొలం గట్టున పొగాకును వేడికి ఆరబెట్టే పాత బేరన్ గది ఒకటుంది. పొగాకు వెయ్యడం మానేశాక దాని పొయ్యి వెలగలేదు. ఏటా మాఘమాసంలో మార్కాపురం వైపు నుంచి మిరపకాయలు కోసే ముఠా వచ్చి, కోత అయ్యేదాకా అందులోనే ఉండేది. పాతికమంది, అందులో ఎక్కువ ఆడవాళ్లే, చంకల్లో పిల్లలు. వాళ్ల మేస్త్రి ఆదాం. దిగిన రోజు వాళ్లందరికీ సుబ్బరావమ్మ గోంగూర పప్పు వండి పెట్టేది. తిట్టుకుంటూనే పెట్టేది, అది వేరే సంగతి. ఊళ్లో ఇలాంటి బేరన్లు పదకొండు, ప్రతి దాంట్లోనూ ఒక ముఠా.

నిరుడు కోతలయ్యాక ఒంగోలు నుంచి రామకాంత్ అనే ఆయన కారులో వచ్చాడు. బీచికి వచ్చేవాళ్లు శని, ఆదివారాలు ఉండటానికి పల్లెటూరి గదులు కావాలన్నాడు. మూడేళ్లకు అద్దె కాగితం రాయించుకున్నాడు. బేరన్‌కు రంగులు వేయించి, ఏసీ పెట్టించి, అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం బిగించాడు. దసరా నాటికి పదకొండు బేరన్లూ పెళ్లికూతుళ్లలా తయారయ్యాయి.

కార్తీకంలో గ్రామసభ పెట్టారు. అతిథులకిచ్చే గదులన్నీ పంచాయతీలో నమోదు చెయ్యాలని, కోతల మూడు నెలలూ సగం బేరన్లు ముఠాలకే వదలాలని సెక్రటరీ తీర్మానం చదివాడు. ఎండుకాయలకు తొడిమలు తీసే జైతున్‌బీ లేచి నిలబడింది.

"అక్కా, నువ్వైనా చెప్పు. వాళ్లకు తల దాచుకునే చోటు లేకపోతే ఎందుకొస్తారు?"

"ఏమే జైతున్‌బీ, కూలోళ్లకు చోటే కరువా? టార్పాలిన్ పట్టా కట్టుకుని చెట్టు కింద పడుకుంటారు" అని సుబ్బరావమ్మ నవ్వింది. తీర్మానం వద్దనేవాళ్లు చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు లేచింది ఆమె చెయ్యే. తీర్మానం వీగిపోయింది.

మాఘం వచ్చింది. తోట ఎర్రబారింది. ఆదాం ఫోను రాలేదు. ఈమె చేస్తే ఎత్తలేదు. వారానికి గాని ట్రాక్టరు చప్పుడు వినపడలేదు. ముఠా దిగింది. బేరన్ ముందు రెండు కార్లు, వరండాలో పొట్టి నిక్కర్ల జనం. వాళ్లలో ఒకావిడ సుబ్బరావమ్మను పిలిచి, "ఆంటీ, వీళ్లంతా ఎవరండీ? పిల్లలు భయపడుతున్నారు, కొంచెం పంపించేయండి" అంది. తన గట్టు మీద, తన బేరన్ ముందు, సుబ్బరావమ్మ పరాయిదానిలా పక్కకు జరిగి నిలబడింది.

"మేం యాడ పండుకోవాల అమ్మా?" అన్నాడు ఆదాం.

"తోట పక్కన పట్టా కట్టిస్తానురా. పది రోజులేగా."

"పోయినేడు ఇక్కడ కోతయ్యాక పక్కూళ్లో అట్టానే పండుకుంటే మా పిల్లను పాము కరిచింది. దక్కలేదు. ఆడోళ్లు ఒప్పుకోరమ్మా." అతను కోపంగా అనలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఊరంతా తిరిగారు, పదకొండు బేరన్లకూ పదకొండు తాళాలు. పొద్దు వాలకముందే ట్రాక్టరు వెనక్కి మళ్లింది. ఎవరూ గోంగూర పప్పు తినలేదు.

రామకాంత్‌కు ఫోను చేసింది. ఏప్రిల్ దాకా బుకింగులున్నాయి, ఏం చెయ్యలేనండీ అన్నాడు.

ఆ తర్వాత పన్నెండు రోజులు సుబ్బరావమ్మ, జైతున్‌బీ ఇద్దరే కోశారు. ఇలాగే అవుతుందని ఆనాడే అన్నాను అని జైతున్‌బీ ఒక్కసారి కూడా అనలేదు. మూడెకరాలకు నాలుగు చేతులు ఏ మూలకు? పండిన కాయ చెట్టునే వడిలి రాలిపోతోంది. కోసినంత కల్లంలో ఎండుతోంది. రోజూ మధ్యాహ్నానికి సముద్రం వైపు ఆకాశం నల్లబడి, గాలి ఉప్పగా తగిలి, మళ్లీ తేలిపోయేది. ఆమె కూడు సహించక తూర్పు దిక్కే చూస్తూ ఉండేది.

పదమూడో రోజు అది తేలిపోలేదు. శనివారం. గాలికి కల్లం మీది పట్టా లేచిపోయింది. ఒక కొస జైతున్‌బీ పట్టుకుంది, ఒక కొస తను. మిగతా రెండు కొసలూ గాల్లో కొట్టుకుంటున్నాయి. బేరన్ వరండాలో ఆరుగురు మనుషులు, పన్నెండు చేతులు.

"బాబూ! రండయ్యా! పట్టా పట్టండయ్యా!" అని సుబ్బరావమ్మ అరిచింది. ఊళ్లో అందరికీ తెలిసిన ఆ నోరు గాలికి వాళ్లదాకా వెళ్లలేదు. అందుకని గ్రామసభలో ఎత్తినట్టే చెయ్యి పైకెత్తి ఊపింది.

వాళ్లు చూశారు. సంతోషంగా నవ్వి, అందరూ చేతులెత్తి తిరిగి ఊపారు. ఒకతను ఫోను తీసి, ఎర్రటి కల్లాన్నీ నల్లటి మబ్బునూ చెయ్యెత్తి నిలబడ్డ ముసలమ్మనూ ఫొటో తీసుకున్నాడు. మొదటి చినుకులు కాయల మీద పడుతున్నా, ఆమె చెయ్యి దించడం మరిచిపోయింది.