ముందే మేలుకున్న జెల్ల చేప

నేను ఏం పరిశోధిస్తున్నానో నాయనమ్మకు చెప్పడానికి చాలా రోజులు సిగ్గుపడ్డాను. చేప పిల్లదశ దాటి గుడ్లు పెట్టే ఈడుకు వచ్చేటప్పుడు దాని మెదడులో ఏ జన్యువులు చురుకవుతాయో చూడటం నా పని. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడే నిలదీసింది. తలవంచుకుని చెప్పాను.

"ఏటే, సేప కూడా పెద్దమనిషవుతాదేటి?" అంది. "మరయితే సీరెవులెడతారే? మేనమామ కూడా సేపేనా?"

అమ్మ నవ్వాపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న రైల్వే వర్క్‌షాప్ డ్యూటీకి టైమైందంటూ సగం అన్నంలో లేచిపోయాడు.

పిల్లచేపలోనూ పెద్దచేపలోనూ జన్యువులు అవే. ఏది నిద్రపోతోంది, ఏది లేచి పనిచేస్తోంది అన్నదే తేడా. మెదడులో కొన్ని ముందు లేస్తాయి. అవి మరికొన్నింటిని లేపుతాయి. ఆ తర్వాతే కడుపులో గుడ్లు ఎదుగుతాయి. మా కాలేజీ ల్యాబులో నేను చూసేది జెల్ల చేపల్ని. ఇక్కడి బెంగాలీలు ట్యాంగ్రా అంటారు. వానాకాలంలో ఖరిదా బజారులో ప్రాణంతో దొరుకుతాయి. వాటి మెదడు మినపగింజంత ఉంటుంది. తీసిన వెంటనే ట్యూబులో వేసి గడ్డకట్టించాలి. ఒక చేప అయ్యాక ఇంకోదాన్ని ముట్టేముందు ఫోర్సెప్స్‌ని స్పిరిట్‌తో శుభ్రంగా తుడవాలి. తుడవకపోతే ఒకదాని మెదడు తునక ఇంకోదాంట్లో కలిసి, వచ్చే ఫలితమంతా అబద్ధమవుతుంది.

ఆఖరి విడత చేపల్ని కోసిన రోజే ఝపటాపూర్‌లో పిన్ని కూతురి పెద్దమనిషి ఫంక్షన్. అమ్మ ఫోను మీద ఫోను చేసింది.

"ఒలే, ఎంతసేపే? పిల్లని పీట మీద కూకోబెట్టీసినారు. నువ్వింకా సేపలే కోస్తన్నావా?"

"వచ్చేస్తన్నానమ్మా."

పని ముగించి సైకిలెక్కాను. సబ్బుతో ఎంత కడిగినా వాసన పోలేదు. పట్టు లంగా, మెడ నిండా పూలతో కూర్చున్న చెల్లి నా చెయ్యి పట్టుకోగానే ముక్కు మూసుకుంది.

"అక్కా, జెల్లసేప కంపు!"

అయినా చెయ్యి వదల్లేదు. అంతమంది తన వైపే చూస్తుంటే దానికి బెదురుగా ఉంది. నాకైతే నా ఫంక్షన్ గుర్తొచ్చింది. ఆ రోజు నేను అక్షింతలు పడినంతసేపూ కళ్లు ఎత్తలేదు.

చలికాలంలో ఫలితాలు వచ్చాయి. పిల్లచేపలన్నిటి మెదడూ అనుకున్నట్టే నిద్రలో ఉంది, ఒక్కదానిది తప్ప. అందులో జన్యువులు కొన్ని పెద్దచేపలో మాదిరిగా చురుగ్గా ఉన్నాయి. అది ఫంక్షన్ రోజు కోసిన చేప. దానికి ముందు కోసింది గుడ్లతో నిండిన పెద్ద ఆడచేప.

మధ్యలో అమ్మ ఫోను ఎత్తి మాట్లాడాక ఫోర్సెప్స్ తుడిచానా, లేదా? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. తుడవకపోయి ఉంటే ఆ రోజు చేపలన్నిటినీ పారేయాలి. కడుపు నిండా గుడ్లున్న చేప కావాలంటే మళ్లీ వానలు రావాలి, నా ప్రాజెక్టేమో మార్చితో ఆఖరు. రోజూ డైరీ రాసేదాన్ని కదా అని ఆ పేజీ తీశాను. చెల్లి లంగా నెమలికంఠం రంగని ఉంది. కాజాలు మెత్తబడ్డాయని కూడా ఉంది. ఫోర్సెప్స్ గురించి ఒక్క ముక్క లేదు.

వారం పాటు ఎవరికీ చెప్పలేదు. అన్నం సయించలేదు. ల్యాబులో నా ప్రాజెక్టు చూసే మేడమ్ గది ముందు దాకా వెళ్లడం, లోపల ఎవరో ఉన్నారని నాకు నేనే చెప్పుకుని వెనక్కి రావడం. చివరికి ఆవిడే బయటకు వచ్చి నన్ను చూశారు. ఆవిడ బెంగాలీ. నాతో బెంగాలీలోనే మాట్లాడతారు.

"బోషో, బోషో," అని కుర్చీ లాగారు. "మూడు రోజులుగా నా గుమ్మం ముందు కాపలా కాస్తున్నావు. ఎవర్ని చంపావు?"

కాగితాలు ముందు పెట్టి అంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"ఇక్కడ చూడు. పెద్దచేప మెదడు తునక కలిసి ఉంటే దానితోపాటు అన్నీ రావాలి కదా. ముందు లేచేవీ, ఆలస్యంగా లేచేవీ. ఇందులో ముందు లేచేవే లేచాయి. మిగతావి గుర్రు పెడుతున్నాయి. దీని అండాశయం దాచావా?"

దాచాను. ప్రతి చేపదీ విడిగా సీసాలో ఉంది. కోసిన రోజు అది దారప్పోగులా కనిపించింది కాబట్టి పిల్లచేప అని రాసుకున్నాను. ఇప్పుడు పలచటి పొరలుగా కోయించి, రంగు వేయించి, మైక్రోస్కోపు కింద పెట్టాను. కంటికి ఆనని గుడ్ల అంచుల్లో చిన్న చిన్న బుడగలు వరసగా కనిపించాయి. గుడ్డు ఎదగడం మొదలుపెట్టిందనడానికి అదే తొలి గుర్తు. మరో పిల్లచేప పొర పెట్టి చూశాను. అందులో బుడగలు లేవు. మళ్లీ మొదటిది పెట్టాను. ఉన్నాయి.

ఏదీ కలవలేదు. ఆ చేప సరిగ్గా గడప మీద ఉంది. పైకి ఇంకా పిల్లే, లోపల మెదడు అప్పుడే మేలుకుంది. నేను ఏడాదంతా తిరిగింది ఇలాంటిదాన్ని చూడాలనే.

మేడమ్ కూడా కన్ను పెట్టి చూసి నా వీపు మీద ఒక్కటి చరిచారు. "దీన్ని పారేద్దామనుకున్నావా, పాగ్లీ? ఇంటికి వెళ్లి నిద్రపో."

మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే ఒళ్లు తేలికైపోయింది. ఇంట్లో అమ్మ నన్ను చూడగానే పసిగట్టింది.

"ఏటే, ఇయ్యాల మొకం తేటగున్నాది?"

"నాను తప్పు సెయ్యనేదమ్మా."

"ఎవులే నువ్వు తప్పు సేసినావన్నది? సెప్పు, నానొచ్చి అడుగుతాను."

"ఎవులూ అన్నేదు. నానే అనుకున్నాను."

"ఓలమ్మో! అందుకేనేటి వారం దినాలు కూడు ముట్నేదు? నాను నీకేదో జబ్బనుకుని మొక్కీసుకున్నానే!"

తిడుతూనే కంచం పెట్టింది. పప్పూ వంకాయ కూరే. రెండోసారి అన్నం నేనే అడిగి పెట్టించుకున్నాను.