చిన్నప్రశ్న గారి పెద్ద నేపథ్యం

చిన్నప్రశ్న గారికి ఉన్నది ఒకటే జబ్బు. సభలో ప్రశ్న అడగడానికి లేస్తారు, ప్రశ్న తప్ప అన్నీ చెబుతారు. "నాదొక చిన్న ప్రశ్న" అని మొదలుపెడతారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది గానీ, ఆ ప్రశ్న చివరిదాకా విన్నవాళ్ళు మాలో ఎవరూ లేరు. విన్నానని ఎవరైనా అంటే, ఆ రోజు అతను నిద్రపోయి కలగన్నాడని అర్థం.

వృత్తికి ఆయన వకీలు. ప్రాక్టీసు ఉండీ లేనట్టుండేది, సెమినార్లకు మాత్రం ఏనాడూ నాగా పెట్టలేదు. నేను న్యాయవాదుల సంఘంలో సెమినార్ల కార్యదర్శిని. హాలు మాట్లాడటం, బ్యానరు మీద అచ్చుతప్పులు దిద్దించడం, ముఖ్య అతిథి కారు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడం నా ఉద్యోగం. అందువల్ల ఆయనతో నేను పడ్డ పాట్లు మరొకరు పడలేదు.

అలాగని మా సెమినార్లు ఏదో ఉద్ధరించేవి అనుకోవద్దు. మానవ హక్కుల సభ అంటే మానవులు తప్ప అందరూ వచ్చే సభ. మాజీ జడ్జీలు, కాబోయే జడ్జీలు, కాలేకపోయిన జడ్జీలు ముందు వరుసలో కూర్చునేవారు. ఆహార హక్కు మీద సదస్సు పెట్టినప్పుడు భోజనాల దగ్గర ఒకర్నొకరు తోసుకుని ఒక ప్రొఫెసరు గారి కళ్ళజోడు విరగ్గొట్టారు. గోప్యతా హక్కు మీద పెట్టినప్పుడు వచ్చినవాళ్ళ ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు అన్నీ తలుపు పక్క గోడకు అంటించాం. వక్త అణగారిన వర్గాల గురించి గొంతు పూడుకుపోయేలా మాట్లాడుతూనే, ఏసీ గాలి తన వైపు తిప్పమని నాకు సైగ చేసేవాడు. చివర్లో తీర్మానం ఉంటుంది. నిరుటి తీర్మానానికే తారీకు మార్చి చదివేవాళ్ళం. చప్పట్లు మాత్రం కొత్తవి.

అంతా సజావుగా అయిపోతుందనగా చిన్నప్రశ్న గారు లేచేవారు.

"నాదొక చిన్న ప్రశ్న. అందులో మూడు భాగాలు. మొదటి భాగంలోకి వెళ్ళేముందు కొంచెం నేపథ్యం."

నేపథ్యం అనగానే అనుభవజ్ఞులు చెప్పులు తొడుక్కునేవారు. సహజ న్యాయ సూత్రాల మీద లేచారంటే, చిన్నప్పుడు హెడ్‌మాస్టరు తన వాదన వినకుండా గోడకుర్చీ వేయించిన వైనంతో మొదలయ్యేది. అక్కణ్ణించి ఆ గోడ కట్టిన మేస్త్రీ దగ్గరికి, మేస్త్రీ నుంచి రాజుల కాలం నాటి కోటల దగ్గరికి, కోటల నుంచి ఖైదీల దగ్గరికి వెళ్ళేవారు. ఖైదీల దగ్గరికి రాగానే ఇక ప్రశ్న వస్తుందని అధ్యక్షులవారు ఆశగా ముందుకు వంగేవారు. ఈయన మళ్ళీ హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఒకసారి విదేశం నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ, తన చెవికి తగిలించిన అనువాద యంత్రం చెడిపోయిందనుకుని ఇంకొకటి తెప్పించుకుంది. చెడింది యంత్రం కాదని, ప్రశ్న ఇంకా రాలేదని పాపం అనువాదకుడు వచ్చి చెప్పుకున్నాడు.

భావప్రకటనా స్వేచ్ఛ మీద సభ పెట్టినప్పుడు ఆయన్ని మాట్లాడనివ్వకూడదని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఆ ప్రతిపాదన చేసింది ఆ సభలో ప్రధాన వక్తే. మైకు ఇవ్వలేదు. ఆ గొంతుకి మైకు అక్కర్లేదన్న సంగతి మాకు తట్టలేదు. మౌనంగా ఉండే హక్కు మీద పెట్టిన సభలో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది కూడా ఆయనే.

ఒకరోజు ఉండబట్టలేక వాళ్ళావిడని, ఇంట్లో కూడా ఇంతేనా వదినగారూ అని అడిగాను.

"ఇంట్లో నోరు విప్పరయ్యా. ఉప్పు కావాలన్నా చేత్తో చూపిస్తారు. అంతా మీకోసం దాచుకుంటారు," అన్నారావిడ.

ఇలా ఉండగా నిర్బంధంలో ఉన్నవారి హక్కుల మీద సెమినార్ వచ్చింది. ఎప్పుడూ మనమే మాట్లాడుకుంటున్నాం, ఈసారి బాధితుల్ని కూడా ఒకరిని పిలిస్తే పేపర్లో ఫొటో బాగా పడుతుందని మా అధ్యక్షులవారు సెలవిచ్చారు. ఒక టైలరమ్మని పిలిచాం. ఆమె తమ్ముణ్ణి పోలీసులు తీసుకెళ్ళారు. అతను స్టేషన్‌లోనే చనిపోయాడు. దానిమీద విచారణ జరిపించమని ఆమె వేసిన పిటిషన్ మరుసటి వారమే కోర్టులో వాదనకు రానుంది. ఆమె తరఫు వకీలు వేరే కేసు పడి రాలేకపోయాడు.

ఆమె ఎక్కువ మాట్లాడలేదు. మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో కూడా తెలియలేదు. "అన్నం తింటుంటే లేపి తీసుకెళ్ళారండీ. చెయ్యి కడుక్కుని వస్తానన్నాడు. కడుక్కోనివ్వలేదు," అని చెప్పి ఊరుకుంది. హాల్లో ఏసీ సంగతి కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అధ్యక్షులవారు అడిగీ అడగ్గానే ముందు వరుసలోంచి ప్రభుత్వ న్యాయవాది లేచి కోటు సర్దుకున్నాడు. సరిగ్గా ఆయన వెనక వరుసలోంచి చిన్నప్రశ్న గారు చెయ్యి చాపి, మైకు తెస్తున్న మనిషి దగ్గర్నుంచి దాన్ని లాక్కున్నంత పని చేశారు.

"నాదొక చిన్న ప్రశ్న. ఇది అధ్యక్షులవారికే. కొంచెం నేపథ్యం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఒక్క రోజైనా ఊరుకోకూడదా అనుకున్నాను. ఆయన తాళంకప్ప పుట్టుక నుంచి అందుకున్నారు. చెక్క తాళాలు, ఇనప తాళాలు, తన పెళ్ళిలో పోయిన ట్రంకుపెట్టె తాళంచెవి, అది దొరికిన చోటు. ప్రభుత్వ న్యాయవాది మధ్యలో లేచి తనకి అవకాశం ఇవ్వాలన్నాడు. నేనింకా మొదటి భాగంలోకే రాలేదని చిన్నప్రశ్న గారు వినయంగా మనవి చేశారు. న్యాయవాది మళ్ళీ లేచాడు. ఈయన మళ్ళీ ట్రంకుపెట్టె తెరిచారు. అధ్యక్షులవారు గడియారం చూసుకున్నారు, బల్ల మీద చేత్తో తట్టారు, చివరికి కళ్ళు మూసుకున్నారు. మా తర్వాత హాలు బుక్ చేసుకున్న కంప్యూటర్ స్కూలు వాళ్ళు బెలూన్లు పట్టుకుని లోపలికి వచ్చి కుర్చీలు జరపడం మొదలెట్టారు. సభ ముగిసింది. తీర్మానం చదివే వ్యవధి కూడా లేకపోయింది.

మనిషిని గట్టిగా కడిగేద్దామని బయల్దేరాను. వరండాలో ప్రభుత్వ న్యాయవాది ఎదురొచ్చి నామీద విరుచుకుపడ్డాడు. మీవాడు నా పని చెడగొట్టాడన్నాడు. ఏం పనని అడిగాను.

"వచ్చినవాళ్ళు ఎంతమంది, ఏ టైముకొచ్చారు, జీపు ఏ రంగు. నాలుగు అడిగితే ఆవిడ కంగారులో ఏదో ఒకటి తప్పు చెప్పేది. కోర్టులో పోలీసుల తరఫున అదే పట్టుకునేవాణ్ణి. ఇంతమంది సాక్షుల ముందు మళ్ళీ దొరుకుతుందా?" అన్నాడు. అదేదో మెచ్చుకోదగ్గ తెలివి అన్నట్టు కన్ను కూడా గీటాడు. ఈయనే రెండు నెలల కిందట మా వేదిక మీద మానవ గౌరవం గురించి కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

చిన్నప్రశ్న గారు మెట్ల మీద కూర్చుని వేడినీళ్ళు తాగుతున్నారు. గొంతు పోయింది. పక్కన కూర్చున్నాను.

"మీకు ముందే తెలుసా?" అన్నాను.

"అతని వెనకే కూర్చున్నానుగా. ఆవిడేం చెప్పినా టైముతో సహా రాసుకోమని పక్కాయనతో అంటుంటే విన్నాను. లేచి తగవు పెట్టుకుంటే, అడిగే హక్కు అందరికీ ఉందని అధ్యక్షులవారు అతనికే మైకిచ్చేవారు. నాకొచ్చిన విద్య ఇదొక్కటే."

అప్పుడు గుర్తొచ్చింది. నత్తి ఉన్న ఒక విద్యార్థిని తన వ్యాసం చదివిన రోజు, ఆ పిల్లని చీల్చి చెండాడడానికి డీన్ గారు చొక్కా చేతులు మడుచుకుంటుండగా లేచిందీ ఈయనే. ఉద్యోగం పోగొట్టుకున్న గుమాస్తా తన గోడు చెప్పుకున్న రోజూ ఈయనే.

"అయితే ఇన్నాళ్ళూ మీరడిగిన ప్రశ్నలన్నీ ఇందుకేనా?"

ఆయన ఇంకో గుక్క వేడినీళ్ళు తాగారు. "అన్నీ కాదులే. సగం ఇందుకు. మిగతా సగం, నాకు మాట్లాడటమంటే ఇష్టం."

ఇంతలో టైలరమ్మ వెతుక్కుంటూ వచ్చి చేతులు జోడించింది. "ఏమీ అనుకోకండి బాబుగారూ. మీరు ఏం అడిగారో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

"అర్థమైతే జవాబు చెప్పాల్సి వచ్చేదమ్మా. మీ వకీలు పక్కనుండగా, కోర్టులో చెప్పు," అన్నారు ఆయన.

మరుసటి వారం ఆమె అలాగే చెప్పింది. ఎక్కడా తడబడలేదు. విచారణ జరపాల్సిందేనని జడ్జిగారు ఉత్తర్వు చదువుతుంటే, ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. వెనక బెంచీ మీద చిన్నప్రశ్న గారు, వదినగారు పక్కపక్కనే కూర్చున్నారు. అంతా అయ్యాక జడ్జిగారు కళ్ళజోడు తీసి, ఇంకెవరికైనా చెప్పుకునేది ఉందా అని లాంఛనంగా అడిగారు.

వదినగారు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుని, జడ్జిగారు లేచి లోపలికి వెళ్ళేదాకా వదల్లేదు.