జైలుకి వెళ్ళేదెవరు అనే గడి

నేను చేసేది అడ్మిన్ ఉద్యోగం. రాయదుర్గంలో ఒక అద్దాల బిల్డింగులో నాలుగంతస్తుల ఆఫీసు మాది. కంప్యూటర్ల ముందు కూర్చుని కోడ్ రాసేవాళ్ళు వేరే. లిఫ్టు ఆగినా, ఏసీ కారినా, క్యాంటీన్ సాంబార్లో ఉప్పు ఎక్కువైనా, బాత్రూంలో సబ్బు అయిపోయినా ఫోను మాత్రం నాకే వస్తుంది. పదకొండేళ్ళుగా ఇదే పని. నాకసలే ముక్కు మీద కోపం, ఈ ఉద్యోగంలో చేరాక అది అక్కడే కాపురం పెట్టేసింది. కూకట్‌పల్లిలో ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు మనిషిలాగే వెళ్తారు, వచ్చేటప్పుడు ఏమవుతుందో మీకు అని మా ఆవిడ అంటూ ఉంటుంది.

మా కంపెనీలో ఒక లాయరమ్మ ఉంది. కోర్టులో ప్రాక్టీసు మానేసి ఇటొచ్చింది. ఆవిడ ఒకరోజు మీటింగు పెట్టి ఒక సంగతి చెప్పింది. దేశంలో ఏ చట్టంలో ఏ మూల ఏ తప్పుకి జైలు రాసిపెట్టి ఉందో, అవన్నీ ఒక్కచోట చేర్చిన జాబితా ఇన్నాళ్ళూ సరిగ్గా లేదట. చిన్న చిన్న తప్పులకి జైలు తీసేయాలంటే ముందు అవి ఎక్కడున్నాయో తెలియాలి కదా, అందుకని ఇప్పుడు శాఖలవారీగా వెతుకుతున్నారట. పార్లమెంటు ఇప్పటికే చట్టం చేసి కొన్నిటికి జైలు తీసేసింది, రాష్ట్రాలూ తమ చట్టాలు తిరగేస్తున్నాయి. "మనం కూడా మన ఆఫీసుకి వర్తించేవన్నీ ఒక షీటులో పెట్టుకుందాం సర్. తప్పేంటి, శిక్షేంటి, ఎవరికి" అంది.

నేను నవ్వాను. "జైలుకెళ్ళేంత ఘనకార్యాలు మనమేం చేస్తున్నామండీ ఇక్కడ? టిష్యూ పేపర్లు మార్చడమేగా" అన్నాను.

"చూద్దాం సర్" అంది ఆవిడ. నవ్వలేదు.

మూడు వారాలకి షీటు వచ్చింది. చదువుతుంటే మొదట సరదాగానే ఉంది. తాగేనీళ్ళ దగ్గర అవి తాగేనీళ్ళని ఎక్కువమందికి వచ్చిన భాషలో బోర్డు పెట్టాలి, పెట్టకపోతే జైలు. మరుగుదొడ్ల గోడలకి నాలుగు నెలలకోసారి సున్నం వేయించి ఆ తేదీ రిజిస్టర్లో ఎక్కించాలి, లేకపోతే జైలు. మా మరుగుదొడ్లకి నేల నుంచి సీలింగు దాకా టైల్సే. సున్నం ఎక్కడ పూస్తాం? అయినా ఆ రిజిస్టరు మా దగ్గర ఉంది. నాకు ముందు పనిచేసినాయన "సున్నం వేయడమైనది" అని రాసేవాడు, నేనూ అదే రాయిస్తూ వచ్చాను. పదకొండేళ్ళుగా లేని గోడకి సున్నం వేస్తున్నామన్నమాట.

ఆ షీటులో చివరి గడికి లాయరమ్మ పెట్టిన పేరు "జైలుకి వెళ్ళేదెవరు". డొంకతిరుగుడు లేని మనిషి. నా పేరెక్కడుందా అని కిందికి లాక్కుంటూ వెళ్ళాను. లిఫ్టులకీ జనరేటరుకీ బిల్డింగు యజమాని. కొన్నిటికి మా డైరెక్టరు. క్యాంటీనూ హౌస్‌కీపింగూ వచ్చేసరికి, వరస వెంట వరస, ఇరవై మూడు వరసల్లో ఒక్కటే పేరు. నాది కాదు. మా హౌస్‌కీపింగ్ సూపర్వైజరుది.

అప్పుడు నాకేమనిపించిందో దాచుకోకుండా రాస్తాను. అమ్మయ్య అనిపించింది. కుర్చీలో వెనక్కి వాలాను కూడా. ఆ తర్వాత ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో గుర్తొచ్చింది.

ఆమెది ఖాజాగూడ. యాభై దగ్గర పడ్డ మనిషి. వాళ్ళ అత్తగారింట్లో ఒకప్పుడు బర్రెలుండేవి, మేపే గుట్టలు బిల్డింగులైపోయాక ఊడ్చే పనికి ఇటొచ్చింది. ఏ అంతస్తులో ఏ కుళాయి కారుతుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. అందుకే సూపర్వైజరైంది. ఆరేళ్ళ కిందట కొత్త కాంట్రాక్టరు వచ్చినప్పుడు కార్మిక శాఖకి ఒక ఫారం ఇవ్వాల్సొచ్చింది. అందులో "బాధ్యత వహించు వ్యక్తి" అని ఒక గడి. ఫారాలు నింపే ఏజెంటు పెన్ను పట్టుకుని, "మీ పేరెందుకు సర్, ఎప్పుడూ ఫ్లోర్ మీద ఉండే మనిషిని పెట్టండి" అని చిన్నగా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నావని నేనడగలేదు.

ఆమెని పిలిచి సంతకం పెట్టమన్నాను. "నా పేరెందుకు సార్?" అంది. "ఇక్కడ అన్నీ చూసుకునేది మీరే కదమ్మా" అన్నాను. ఆమె మురిసిపోయింది. ఇంటిపేరుతో సహా గుండ్రటి తెలుగు అక్షరాలతో నింపాదిగా సంతకం పెట్టింది. నిబంధన ప్రకారం ప్యాంట్రీ గోడకి ఒక బోర్డు పెట్టాం, "బాధ్యులు" అని, కింద ఆమె పేరు. దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి టేబుళ్ళ కంటే ముందు ఆ బోర్డు తుడిచేది.

షీటు వచ్చిన వారంలోనే నోటీసు కూడా వచ్చింది. హౌస్‌కీపింగ్ వాళ్ళకి కూర్చుని తినడానికి చోటు లేదని ఎవరో ఫిర్యాదు చేశారు. పది రోజుల్లో తనిఖీ. నోటీసు ఆమె పేరు మీదే ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నా దగ్గరకి తెచ్చింది.

"సార్, నా పేరు మీద సర్కారు కాయితమొచ్చింది. ఏంది సార్ గిది? జర చదివి చెప్పుండ్రి."

చూశాను. కింద రాసిన సెక్షను షీటులో ఉన్నదే. నీళ్ళు నమిలాను. "ఏం లేదమ్మా, మామూలు చెకింగే. ఫికర్ చేయకండి" అన్నాను. సరే సార్ అని కాగితం మళ్ళీ కవరులో పెట్టుకుని వెళ్ళిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

లాయరమ్మ దగ్గరికి వెళ్తే మొదటి మాటే "ఆవిడకి చెప్పారా సర్?" అని. చెప్తానన్నాను. ఆవిడ నోటీసంతా చదివి, "ఈ ఒక్కదానికైతే భయం లేదు. షీటులో రాసింది పాత చట్టం ప్రకారం. కొత్తగా వచ్చిన కార్మిక చట్టాల్లో దీనికి నేరుగా జైలు లేదు, ముందు సరిదిద్దుకోడానికి గడువివ్వాలి" అంది. నా గుండె మీంచి సగం బరువు దిగింది. దిగిన సగాన్నీ ఆవిడే మళ్ళీ పెట్టింది. "షీటులో ఇంకా ఇరవై రెండున్నాయి. వాటిల్లో జైలు పోయినవేవో, ఉన్నవేవో ఒక్కొక్కటీ తేల్చాలి. ఈలోగా ఆ పేరు తీసెయ్యాలి. ఎవరి పేరు పెడదాం?"

కాఫీ తాగుతూ నా వంకే చూస్తోంది. డైరెక్టరు పేరు చెబుదామనుకున్నాను, కాంట్రాక్టరు పేరు చెబుదామనుకున్నాను. "నాదే పెట్టండి" అని వచ్చింది నోట్లోంచి.

మర్నాడు పొద్దున దోసెలు తింటూ మా ఆవిడకి చెప్పాను. అట్లకాడ పట్టుకునే వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏవండీ, ఇరవై మూడు జైళ్ళు తెచ్చి నెత్తిన పెట్టుకున్నారా? పిల్ల ఇంటర్లో ఉంది, మీకు బుద్ధుందా?" అంది. తర్వాత, "ఆవిడకి తెలుసా?" అంది. ఇంకా చెప్పలేదన్నాను. "అయితే ముందు అక్కడ చెప్పి రండి. నాకు తర్వాత చెప్పొచ్చు" అని లేచి మాడిపోతున్న దోసె తీసింది.

మధ్యాహ్నం మూడింటికి ప్యాంట్రీ ఖాళీగా ఉంటుంది. అప్పుడు వెళ్ళాను. ఆమె గ్లాసులు సర్దుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు. చెప్పాను. ఆ బోర్డు మీద పేరుందంటే, ఇక్కడ ఏది సరిగ్గా లేకపోయినా కేసు మీ మీదే, కొన్నిటికి జైలు కూడా ఉంది అని.

"జైలా సార్? నాకా?"

"అవునమ్మా."

"ఎన్నేండ్ల సంది?"

"ఆరేళ్ళు."

చేతిలో గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. "మీకు ఎరుకేనా సార్?"

తెలియదు అనొచ్చు. అంటే నమ్మేది కూడా. "కొంచెం తెలుసమ్మా. మిగతాది తెలుసుకోవాలనుకోలేదు" అన్నాను.

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. "మా గల్లీల అందరికి సూపిచ్చిన సార్, గా బోర్డు" అంది. క్షమించమన్నాను. ఆమె టీ కప్పుల ట్రే తీసుకుని ఫ్లోర్ మీదికి వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పేసినందుకు ఒళ్ళు తేలికపడిందన్న మాటా నిజమే.

తనిఖీ రోజున వచ్చినాయన రిటైర్మెంటు దగ్గర పడ్డ సౌమ్యుడు. పేరు మార్పిడి కాగితాలు తయారవుతున్నాయని, బాధ్యత నాదేనని ముందే చెప్పాను. సరేనన్నాడు. సున్నం రిజిస్టరు తెరిచాడు. ఒక పేజీ చూశాడు, తలెత్తి టైల్స్ చూశాడు, మళ్ళీ పేజీ చూశాడు. "ఏ సున్నమండీ ఇది?" అన్నాడు. నిజం చెప్పేశాను. ఆయన నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇకమీదట ఉన్నది రాయండి బాబూ" అన్నాడు.

"మరి వీళ్ళు అన్నం ఎక్కడ తింటారు?" అనడిగాడు తర్వాత. నేను గొంతు సవరించుకుని, ప్రస్తుతానికి ఒక ఏర్పాటు ఏదో అని మొదలుపెట్టాను. పక్కన నుంచుని ఉన్న ఆమె అడ్డొచ్చింది.

"మెట్ల మీద తింటం సార్. ఫైర్ మెట్ల మీద. ఎండకాలం బాగ ఉడుకుతది."

ఆయన అదే రాసుకున్నాడు. నెల రోజుల్లో గది చూపించండి, అప్పుడు మళ్ళీ వస్తానన్నాడు. అంతే. కేసూ లేదు, ఏమీ లేదు. ఆయన లిఫ్టెక్కాక వరసగా రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాను. లాయరమ్మ అయితే నా భుజం తట్టినంత పని చేసింది.

పాత మానిటర్లు పడేసే గది ఒకటుంది రెండో అంతస్తులో. పన్నెండు రోజుల్లో దాన్ని ఖాళీ చేయించి ఫ్యాన్లు, టేబుళ్ళు, డబ్బాలు పెట్టుకునే అలమర పెట్టించాను. ఇంతకుముందు ఎవరైనా ఆ గది అడిగితే చోటు లేదని కసిరేవాణ్ణి.

ఇక మిగిలింది పేరు మార్పిడి. ఆమె సంతకం కావాలి తప్పుకోడానికి, నా సంతకం కావాలి చేరడానికి. మీటింగు గదిలో ముగ్గురం కూర్చున్నాం, ఆమె, నేను, లాయరమ్మ. ఈసారి ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫారం ముందుకి జరిపి పెన్నిచ్చాను. పెన్ను తీసుకోలేదు.

"ముందుగాల మొత్తం చదువుండ్రి సార్."

"ఫారమా?"

"ఫారం గాదు. మేడం రాసిన లిస్టు. అండ్ల ఎన్నున్నయో అన్ని. నా పేరున్న కాడ మీ పేరు పెట్టి చదువుండ్రి."

లాయరమ్మ లాప్‌టాప్ నా వైపు తిప్పింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ చదవడం మొదలుపెట్టాను. మంచినీళ్ళ దగ్గర బోర్డు లేకపోతే, ఫలానా శిక్ష, వెళ్ళేది ఇతను, అని నా పేరు. మందుల పెట్టె లేకపోతే నా పేరు. జీతం చీటీ ఇవ్వకపోతే నా పేరు. వారానికో సెలవు ఇవ్వకపోతే నా పేరు. జైలు పోయినవాటి దగ్గర పోయిందని, ఇంకా ఉన్నవాటి దగ్గర ఉందని లాయరమ్మ చెబుతోంది. మన పేరుని పక్కన జైలు పెట్టుకుని మనమే పైకి చదవడం ఏమంత సులువు కాదండీ. ఏడోదానికే నా గొంతు తగ్గిపోయింది.

"గట్టిగ సార్" అంది.

గట్టిగా చదివాను. ఆమె వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుంటోంది. కొన్నిచోట్ల ఆపి మళ్ళీ చెప్పించుకుంది. బట్టలు మార్చుకునే గది సంగతి రెండుసార్లు, వారం సెలవు సంగతి మూడుసార్లు. ఇరవై మూడూ అయ్యాయి.

"గివన్నీ మాకు ఇయ్యాలని రాసుందా సార్?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది.

"రాసుందమ్మా. ఇవ్వకపోతేనే జైలు."

"సంతకం పెట్టిన్నాడే చదివి చెప్పుంటే, గా రూం ఎప్పుడో అడిగెటోళ్ళం గద" అంది.

ఆరేళ్ళ కిందట ఆమె నెత్తిన పెట్టినదాని గురించే నేను సిగ్గుపడుతున్నాను. ఆమె చేతికి అందకుండా ఆపినదాని గురించి అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆమె పెన్ను తీసుకుని ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది. ఆ లిస్టు తెలుగులో ఒక కాపీ కావాలి, కొత్త రూంలో అంటిస్తం అని లాయరమ్మతో చెప్పింది. తర్వాత పెన్ను నా ముందు పెట్టింది.

"ఇగ మీరు పెట్టుండ్రి సార్."

పెట్టాను. భయం వేయలేదా అని ఇంటికెళ్ళాక మా ఆవిడ అడిగింది. వేసింది కానీ, చాలా హాయిగా కూడా ఉందన్నాను. ఏం పెడుతున్నానో తెలిసి సంతకం పెట్టడం ఈ ఉద్యోగంలో నాకదే మొదటిసారి.