అమ్మ మోచేతి కట్టు

మా చిన్నప్పుడు... చేయి విరిగితే ఆసుపత్రి ఎవరికీ గుర్తొచ్చేది కాదు. కట్టు కట్టే తాత గుర్తొచ్చేవాడు. మా ఊరి నుంచి కోటబొమ్మాళి వెళ్లే దారిలో ఆయన ఇల్లు. అరుగు మీద వెదురు బద్దలు, పాత చీర పేలికలు, గిన్నెలో మినప్పిండి, పక్కన నాలుగు కోడిగుడ్లు... అంతే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, నాట్ల రోజుల్లో, అమ్మ నారు కట్ట నెత్తిన పెట్టుకుని గట్టు మీద జారిపడింది. కుడి మోచేయి వాచిపోయింది. తాత కళ్లు మూసుకుని వేళ్లతో ఎముకంతా తడిమాడు. అమ్మ పళ్లు బిగపట్టింది.

"కీలు దగ్గిర సన్నంగా బీట తీసినాదమ్మా. మూడో ఆదివారం తప్పకుండా రా. నేనే ఇప్పుతాను" అన్నాడు. తెల్లసొనలో మినప్పిండి కలిపి పట్టించి, బద్దలు పెట్టి, చేయి చాపినట్టే బిగించి కట్టాడు.

ఆ మూడు వారాలు... చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు పండగ. అమ్మ పొలానికి వెళ్లలేదు. బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉండేది. నేనే అన్నం కలిపి ముద్దలు పెట్టేవాణ్ని.

"ఒరే, సిన్న ముద్దలెట్టరా, నాది నోరనుకున్నావా, గాదె అనుకున్నావా" అని నవ్వేది.

మూడో ఆదివారం అమావాస్య పడింది. నాయనమ్మ ఒప్పుకోలేదు.

"అమాస నాడు కట్టు ఇప్పుతారేటి? ఎముక నిలస్తాదా? వచ్చే ఆదివారం సూద్దుం."

మర్నాడు బడికి పోతుంటే తాత అరుగు మీంచి కేకేశాడు.

"ఒరే, మీ అమ్మ రాలేదేటి?"

అమావాస్య సంగతి చెప్పాను.

"అమాసా లేదు, గిమాసా లేదు. ఈ రోజే రమ్మను. ఎముకంటే గోడరా, కదపకుండా ఉంచితే గట్టిపడతాది. కీలంటే తలుపు, తీసి ఏస్తుంటేనే ఆడతాది. సెప్తావా?"

"సెప్తాను తాతా."

చెప్పలేదు.

కట్టు విప్పితే అమ్మ మళ్లీ పొలానికి పోతుందని... అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు. తరువాతి ఆదివారానికి నాయనమ్మకు జ్వరం. ఆ పై ఆదివారం గాని వెళ్లలేకపోయాం.

కట్టు విప్పారు. ఎముక బాగా అతికింది. మోచేయి మాత్రం వంగలేదు. తాత నూనె రాసి వంచబోతే అమ్మ కేక రోడ్డు దాకా వినబడింది.

"సెప్పి పంపాను గదమ్మా..." అంటూ ఆయన నా వైపు చూశాడు. అమ్మ కూడా చూసింది.

పోనుపోను చేయి కొంత వంగింది. నోటి దాకా మాత్రం ఎప్పుడూ రాలేదు. కొప్పు తనకు తాను ముడుచుకోలేకపోయేది. ఎడం చేత్తో తినాలి గనుక పెళ్లిళ్లలో బంతికి కూర్చునేది కాదు. "ఇంటికాడ తినేసొచ్చానమ్మా" అనేది. పొలానికి మాత్రం కట్టు విప్పిన మూడో రోజు నుంచే వెళ్లింది...

నేను బడి తొందరగానే మానేశాను. తర్వాతెప్పుడో పాత సైన్సు పుస్తకం ఒకటి దొరికితే కూడబలుక్కుని చదివాను. మోచేయి దగ్గర భుజాస్థి, రత్ని, అరత్ని అనే మూడు ఎముకలు కలుస్తాయట. దాన్ని మడతబందు కీలు అంటారట. పక్కనే తలుపు బొమ్మ వేశారు. ఆ పేజీ దాటడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు నా భుజం పట్టేసింది. నరసన్నపేటలో ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ చేయి పైకి లేపిస్తోంది. "నొప్పని ఆపేస్తే బిగిసిపోతాది అంకుల్" అంటుంది. చేయి ఎందాకా లేచిందో రోజూ రాసుకునే పుస్తకంలో రాస్తున్నాను. ఇవాళ చెవి దాకా. అలసటగా ఉంది...

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ కబురు గురించి ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

తాత అరుగున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. ఈ రోజుల్లో ఎక్స్‌రే తీసి, కట్టు విప్పే తారీఖు కాగితం మీద రాసిచ్చి, ముందురోజు ఫోన్ చేసి మరీ పిలుస్తున్నారు. తొమ్మిదేళ్ల పిల్లాడి చేత కబురు పంపే అవసరం లేదు. మంచిదే...

మీ ఇళ్లలో కూడా ఇలాంటి కట్లు ఎవరికైనా కట్టారా? విప్పాల్సిన రోజునే విప్పారా?